జీనోమ్ డేటా విశ్లేషణ ఎలా నేర్చుకోవాలి: ఒక సెమిస్టర్, మూడు డేటాసెట్లు

ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చేసి పీహెచ్‌డీలో చేరినవాళ్లు తమకు కోడింగ్ రాదని భయపడతారు. ఎంటెక్ కంప్యూటర్ సైన్స్ నుంచి ఇటు వచ్చినవాళ్లు బయాలజీ రాదని జంకుతారు. ఈ రెండూ కొన్ని నెలల్లో తీరిపోయే లోట్లే. అసలు చిక్కు వేరే ఉంది. ఈ పనిలో తప్పు చేస్తే ప్రోగ్రామ్ ఆగిపోదు. వేరే జాతి రిఫరెన్స్ (పోల్చి చూసే ప్రామాణిక జీనోమ్) ఇచ్చినా, బ్యాక్టీరియాను మనిషిలా లెక్కగట్టమన్నా, జవాబు వరుసలు వరుసలుగా వచ్చేస్తుంది. చూడ్డానికి సరైన జవాబులాగే ఉంటుంది.

అందుకని టూల్స్ పేర్లు బట్టీ పట్టడం కాదు ముఖ్యం. ప్రతి మెట్టు ఎక్కేముందు ఎంత రావాలో కాగితం మీద అంచనా వేసుకోండి, ఎక్కాక ఎంత వచ్చిందో సరిచూసుకోండి. కింద చెప్పిన పద్ధతి అంతా ఈ అలవాటు మీదే నడుస్తుంది. 16 వారాలు, వారానికి 10 నుంచి 12 గంటలు పెట్టుకోండి. మూడు డేటాసెట్లూ ఉచితంగా దొరికేవే. ఒకటి బ్యాక్టీరియాది, రెండోది మనుషులది (అందులో తెలుగువాళ్లున్నారు), మూడోది ఊపిరితిత్తుల కణాలది.

మెట్టు 1: మెషీన్, ఫోల్డర్లు (మొదటి వారం)

16 జీబీ ర్యామ్, 200 జీబీ ఖాళీ డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్ చాలు. 8 జీబీ ఉన్నా మొదటి డేటాసెట్ నడుస్తుంది. విండోస్ అయితే డబ్ల్యూఎస్ఎల్2 (విండోస్‌లోనే లైనక్స్ నడిపే ఏర్పాటు) పెట్టుకుని అందులో ఉబుంటు వేసుకోండి. డేటాను లైనక్స్ వైపు హోమ్ ఫోల్డర్‌లోనే ఉంచండి. విండోస్ సీ డ్రైవ్‌లో పెట్టి లైనక్స్ నుంచి చదివిస్తే ప్రతి పనీ నత్తనడక నడుస్తుంది.

టూల్స్‌ని ఒక్కొక్కటిగా డౌన్‌లోడ్ చేయొద్దు. టూల్స్‌ను వేసిపెట్టే కోండా లేదా మాంబా వేసుకుని, బయోకోండా ఛానెల్ నుంచి ప్రాజెక్టుకో ఎన్విరాన్‌మెంట్ (ఆ ప్రాజెక్టు టూల్స్ విడిగా ఉండే చోటు) కట్టుకోండి. అన్నీ ఒకే ఎన్విరాన్‌మెంట్‌లో కుక్కితే ఏదో ఒకరోజు ఒక టూల్ అప్‌డేట్ అయి ఇంకోదాన్ని చెడగొడుతుంది.

ఫోల్డర్లు నాలుగు చాలు: ముడి డేటా, స్క్రిప్టులు, మధ్యలో పుట్టే ఫైళ్లు, ఫలితాలు. ముడి డేటా ఫోల్డర్‌కు రాసే అనుమతి తీసేసి చదవడానికి మాత్రమే ఉంచండి. స్క్రిప్టులు మొదటి రోజు నుంచే గిట్‌లోకి (మార్పుల చరిత్ర దాచే టూల్) వెళ్లాలి. డేటా మాత్రం గిట్‌లోకి పోకూడదు.

మెట్టు 2: చేత్తో చేయాల్సినవి (రెండో, మూడో వారాలు)

ఈ రెండు వారాలు దాటేయాలని చాలామందికి అనిపిస్తుంది. దాటేస్తే తర్వాత నెలలకు నెలలు గుడ్డిగా బటన్లు నొక్కుతారు. రెండు వరుసల్లో పోలిన భాగాన్ని వెతికే స్మిత్-వాటర్‌మన్ పట్టికను ఆరేడు అక్షరాల రెండు వరుసలతో పెన్సిల్‌తో నింపండి. ఆ తర్వాత బరోస్-వీలర్ మార్పిడిని ఒక చిన్న పదంతో చేయండి. ఇప్పుడు వాడుతున్న చాలా అలైనర్లకు (సీక్వెన్సర్ చదివిన ముక్కలను జీనోమ్‌లో వాటి చోట అతికించే ప్రోగ్రామ్‌లకు) గుండెకాయ ఇదే.

జీఏటీటీఏసీఏ అనే ఏడు అక్షరాలు తీసుకుని, చివర $ గుర్తు చేర్చండి. ఒక్కో స్థానం నుంచి చివరిదాకా ఉన్న ముక్కలు ఎనిమిది వస్తాయి. $ గుర్తు అన్నిటికంటే ముందు అనుకుని వాటిని అకారాది క్రమంలో పేర్చితే వరుస ఇలా ఉంటుంది: $, ఏ$, ఏసీఏ$, ఏటీటీఏసీఏ$, సీఏ$, జీఏటీటీఏసీఏ$, టీఏసీఏ$, టీటీఏసీఏ$. ఇప్పుడు ప్రతి ముక్కకూ అసలు పదంలో సరిగ్గా ముందున్న అక్షరం రాయండి. ఏ, సీ, టీ, జీ, ఏ, $, టీ, ఏ అని రావాలి. మార్పిడి అయిపోయింది.

ఇందులో టీఏ ఎక్కడుందో వెతకండి. వెతుకులాట వెనకనుంచి మొదలవుతుంది. ఏతో మొదలయ్యే ముక్కలు 2, 3, 4 వరుసల్లో ఉన్నాయి. ఆ మూడింటి ముందు అక్షరాలు సీ, టీ, జీ. మనకు కావాల్సిన టీ 3వ వరుసలో ఉంది, మార్పిడిలో అదే మొదటి టీ. కాబట్టి టీతో మొదలయ్యే ముక్కల్లో మొదటిది, అంటే 7వ వరుస, మన జవాబు. అది టీఏసీఏ$, అసలు పదంలో నాలుగో అక్షరం దగ్గర మొదలవుతుంది. పదం పొడవు ఏడైనా 310 కోట్లైనా వెతకడానికి పట్టే అడుగులు మీ రీడ్ (సీక్వెన్సర్ చదివిన డీఎన్ఏ ముక్క) పొడవును బట్టే ఉంటాయి, జీనోమ్ పొడవును బట్టి కాదు. ఇది ఒకసారి చేత్తో చేసినవాళ్లకు, రిపీట్ (జీనోమ్‌లో చాలాచోట్ల ఉండే ఒకే వరుస) ఉన్నచోట ఒకే రీడ్‌కు నాలుగు చోట్లు ఎందుకొస్తాయో, వచ్చినప్పుడు అలైనర్ ఎందుకు చేతులెత్తేస్తుందో విడమరిచి చెప్పక్కర్లేదు.

ప్రాబబిలిటీలో బైనోమియల్, పాయిసన్, బేయిస్ సూత్రం గట్టిగా వస్తే చాలు, మిగతావి అవసరం పడ్డప్పుడు నేర్చుకోవచ్చు.

మెట్టు 3: ఫైళ్లను కళ్లతో చదవడం

ముడి రీడ్స్ ఉండే ఫాస్ట్‌క్యూ ఫైల్లో ఒక రీడ్‌కు నాలుగు లైన్లు. నాలుగో లైన్ నాణ్యత గుర్తులు. 20 అంటే ఆ అక్షరం తప్పయ్యే అవకాశం నూటికి ఒకటి, 30 అంటే వెయ్యికి ఒకటి. రీడ్స్ ఎన్నో తెలియాలంటే లైన్లు లెక్కపెట్టి నాలుగుతో భాగించండి. పేరు లైన్ @ గుర్తుతో మొదలవుతుంది కదా అని ఆ గుర్తున్న లైన్లను లెక్కపెడితే లెక్క తప్పుతుంది. నాణ్యత 31కి గుర్తు కూడా @ యే, నాణ్యత లైన్ దానితోనే మొదలవచ్చు.

అలైన్ చేసిన రీడ్స్ ఉండే శామ్ ఫైల్లో రెండో గడిలో ఉండే ఫ్లాగ్ సంఖ్యను విడగొట్టడం రావాలి. 99 ఉందనుకోండి: 64+32+2+1. జంటలో (ఒకే ముక్కను రెండు చివర్ల నుంచి చదివిన రెండు రీడ్స్‌లో) మొదటి రీడ్, దాని జోడీ వెనక్కి తిరిగి ఉంది, జంట సరిగ్గా కుదిరింది, జంటగా చదివినదే. 4 ఉంటే అతకలేదని, 16 ఉంటే తిరగబడి అతికిందని, 1024 ఉంటే డూప్లికేట్ (ఒకే ముక్క నకలు) అని అర్థం. ఒక ఇరవై ఫ్లాగులు కాగితం మీద విడగొట్టండి.

స్థానాల లెక్క దగ్గర చాలామంది పడిపోతారు. జీనోమ్‌లో ప్రాంతాలు రాసే బెడ్ ఫైల్ సున్నా నుంచి లెక్కిస్తుంది, వీసీఎఫ్ (వేరియంట్లు, అంటే రిఫరెన్స్‌తో తేడాలు), జీఎఫ్ఎఫ్ (జన్యువుల చోట్లు), శామ్ ఒకటి నుంచి. మొదటి వంద బేస్‌లు (డీఎన్ఏ అక్షరాలు) బెడ్‌లో 0, 100. జీఎఫ్ఎఫ్‌లో 1, 100. మార్చేటప్పుడు ఒకటి కలపడం మరిచిపోతే ప్రతి వేరియంటూ పక్క బేస్ మీద పడుతుంది. అలాగే ఒక ఫైల్లో క్రోమోజోమ్ పేరు 22 అని, ఇంకోదాంట్లో సీహెచ్ఆర్22 అని ఉంటే, రెంటినీ కలిపినప్పుడు ఏ ఎర్రరూ లేకుండా సున్నా వరుసలు వస్తాయి. సున్నా కనిపిస్తే మొదట చూడాల్సింది ఇదే.

మెట్టు 4: మొదటి డేటాసెట్, ఈ.కోలై (నాలుగో వారం నుంచి ఎనిమిదో వారం వరకు)

పరిణామ జీవశాస్త్రవేత్త రిచర్డ్ లెన్‌స్కీ 1988 ఫిబ్రవరిలో 12 సీసాల్లో మొదలుపెట్టిన దీర్ఘకాల పరిణామ ప్రయోగం గురించి వినే ఉంటారు. ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిన 12 ఈ.కోలై సమూహాలను రోజూ కొత్త ద్రావణంలోకి మారుస్తూ పోయారు. వాటిలో ఏరా మైనస్ 3 అనే సమూహం సిట్రేట్ తినడం నేర్చుకుంది. దాని నుంచి మూడు కాలాల నమూనాలు తీసుకోండి: 5,000 తరాల దగ్గరిది ఎస్ఆర్ఆర్2589044, 15,000 దగ్గరిది ఎస్ఆర్ఆర్2584863, 50,000 దగ్గరిది ఎస్ఆర్ఆర్2584866. యూరోపియన్ న్యూక్లియోటైడ్ ఆర్కైవ్ నుంచి నేరుగా ఫాస్ట్‌క్యూ ఫైళ్లే దించుకోవచ్చు. దించాక ఎండీ5 సంఖ్య (ఫైల్ చెడిపోలేదని చూపే గుర్తు) సరిచూడండి. ఇంటర్నెట్ మధ్యలో తెగితే ఫైల్ సగమే వస్తుంది.

రిఫరెన్స్ ఆర్ఈఎల్606 అయ్యుండాలి. దాని పొడవు 46,29,812 బేస్‌లు. ఈ.కోలై అనగానే అలవాటుగా కే-12 ఎంజీ1655 దించుకునేవాళ్లున్నారు. దాని పొడవు 46,41,652, చూస్తే తేడా పట్టుకోలేం. కానీ ఆర్ఈఎల్606 బీ రకానికి చెందినది. తప్పు రిఫరెన్స్‌తో పదుల్లో రావాల్సిన తేడాలు వేలల్లో వస్తాయి. ఆ వేలు పరిణామం కాదు, రెండు రకాల మధ్య ఎప్పటినుంచో ఉన్న దూరం.

ముందు డెప్త్ అంచనా. 10 లక్షల జంటలు ఉన్నాయి, ఒక్కో రీడ్ 150 బేస్‌లు అనుకోండి. 10 లక్షలు × 2 × 150 అంటే 30 కోట్ల బేస్‌లు, దాన్ని 46.3 లక్షలతో భాగిస్తే దాదాపు 65. ప్రతి స్థానాన్నీ సగటున 65 రీడ్స్ కప్పాలి. మీ ఫైల్లో ఉన్న జంటలతో ఇదే లెక్క వేసి గోడకు అంటించుకోండి.

రీడ్స్ నాణ్యత చూపే ఫాస్ట్‌క్యూసీ నడిపితే కొన్ని ఎర్ర గుర్తులొస్తాయి. అన్నిటికీ కంగారుపడొద్దు. మొదటి పది పన్నెండు బేస్‌లలో అక్షరాల వాటా ఎగుడుదిగుడుగా ఉండటం ట్రాన్స్‌పోజేజ్ అనే ఎంజైమ్‌తో కోసిన లైబ్రరీల్లో (సీక్వెన్సింగ్‌కు సిద్ధం చేసిన డీఎన్ఏలో) మామూలే, దానికోసం ఆ బేస్‌లను కత్తిరించనక్కర్లేదు. అడాప్టర్ (సీక్వెన్సింగ్ కోసం చివర్లకు అతికించిన వరుస) మిగిలి ఉంటే మాత్రం తీసేయాలి. ఫాస్ట్‌పీ గానీ ట్రిమ్మోమాటిక్ గానీ వాడండి, కానీ రెండు ఫైళ్లనూ కలిపి ఒకేసారి ఇవ్వండి. విడివిడిగా ట్రిమ్ చేస్తే ఒకదాంట్లో పడిపోయిన రీడ్‌కు రెండోదాంట్లో జోడీ మిగిలిపోయి, అక్కడి నుంచి వరుస మొత్తం జరుగుతుంది.

తర్వాత బీడబ్ల్యూఏ మెమ్‌తో అలైన్ చేయండి, రీడ్ గ్రూప్ (ఏ నమూనా రీడ్సో చెప్పే గుర్తు) ఇవ్వడం మరవకండి. డూప్లికేట్లు గుర్తించడానికి శామ్‌టూల్స్‌లో వరుస ముఖ్యం. ముందు పేరు ప్రకారం దగ్గర చేర్చాలి, ఫిక్స్‌మేట్‌ను చిన్న ఎమ్ ఆప్షన్‌తో నడపాలి, ఆ తర్వాత స్థానం ప్రకారం సార్ట్, చివరికి మార్క్‌డప్. ఫిక్స్‌మేట్ వదిలేస్తే మార్క్‌డప్ పని చేయదు. అలైనర్‌ను సార్ట్‌కు పైపుతో కలిపేటప్పుడు స్క్రిప్ట్ పైన పైప్‌ఫెయిల్ (పైపులో ఏ ఒక్కటి తప్పినా తెలిపే అమరిక) సెట్ చేయండి. లేకపోతే ర్యామ్ చాలక అలైనర్ మధ్యలో చచ్చిపోయినా, సార్ట్ తనకు అందినంతతో బుద్ధిగా ఒక బామ్ (కుదించిన శామ్) ఫైల్ తయారుచేసి ఇస్తుంది. అందులో సగం రీడ్సే ఉంటాయి. ఫ్లాగ్‌స్టాట్‌లో మొత్తం రీడ్స్ సంఖ్యను ఫాస్ట్‌క్యూ లెక్కతో పోల్చితేనే ఇది దొరుకుతుంది. పోల్చేటప్పుడు సప్లిమెంటరీ, సెకండరీ లైన్లు (ఒకే రీడ్‌కు అదనంగా వచ్చేవి) తీసేయండి. ఈ నమూనాల్లో 95 శాతం పైనే అతకాలి. అంతకంటే బాగా తక్కువైతే అతకని రీడ్స్‌లోంచి ఓ ఇరవై తీసి బ్లాస్ట్‌లో (తెలిసిన సీక్వెన్సులతో పోల్చే టూల్) వేయండి, ఎక్కడివో తెలిసిపోతుంది.

ఇక వేరియంట్లు. బీసీఎఫ్‌టూల్స్‌లో ఎమ్‌పైలప్, తర్వాత కాల్. ఇక్కడ ప్లాయిడీ (ఒక్కో క్రోమోజోమ్ ఎన్ని ప్రతులో) 1 అని చెప్పకపోతే ప్రోగ్రామ్ 2 అనుకుంటుంది. అప్పుడు బ్యాక్టీరియాలో హెటరోజైగస్ (రెండు ప్రతుల్లో వేర్వేరు అక్షరాలున్న) వేరియంట్లు పుట్టుకొస్తాయి. ఎమ్‌పైలప్ ఒక్కో ఫైల్ నుంచి ఒక్కో స్థానం దగ్గర మామూలుగా 250 రీడ్స్ వరకే చూస్తుంది. మీ డెప్త్ అంతకంటే ఎక్కువైతే ఆ పరిమితి పెంచండి.

ఫిల్టర్ ఎక్కడ పెట్టాలి? ఎవరో పెట్టిన సంఖ్య కాపీ కొట్టకుండా మీరే లెక్కేయండి. డెప్త్ 65, తప్పు వెయ్యికి ఒకటి అనుకుంటే ఒక స్థానంలో సగటున 0.065 తప్పు అక్షరాలుంటాయి. మూడు రీడ్స్ తేడా చూపిస్తే నమ్మేద్దాం అన్నారనుకోండి. పాయిసన్‌తో ఆ అవకాశం లక్షకు నాలుగు. వినడానికి చిన్నదే. 46.3 లక్షల స్థానాలతో గుణించండి, దాదాపు 200 చోట్ల తప్పుడు వేరియంట్లు. మూడింటిలోనూ ఒకే తప్పు అక్షరం ఉండాలని షరతు పెడితే అది 23 చుట్టుపక్కలకు దిగుతుంది. నిజమైన తేడాలే పదుల్లో ఉండే 5,000 తరాల నమూనాలో 23 చాలా పెద్ద సంఖ్య. పైగా నిజం డేటాలో తప్పులు పాయిసన్ అంత బుద్ధిగా పడవు, ఒకేచోట గుంపుకడతాయి. ఫిల్టర్ గట్టిగా ఎందుకుండాలో ఇప్పుడు మీకే తెలుస్తుంది.

ఆ తర్వాత రీడ్స్‌ను బొమ్మగా చూపే ఐజీవీ తెరిచి కనీసం 20 వేరియంట్లు కళ్లతో చూడండి. నిజమైనది నిలువుగా ఒకే రంగు గీతలా కనిపిస్తుంది. ముందుకు చదివిన రీడ్స్‌లోనూ, వెనక్కి చదివినవాటిలోనూ ఉంటుంది. కొన్నిటిలో రీడ్ మొదట్లో, కొన్నిటిలో మధ్యలో, కొన్నిటిలో చివర పడుతుంది. తప్పుడుది రీడ్స్ చివరంచుల్లోనే వేలాడుతుంది, లేదా ఒక దిక్కు రీడ్స్‌లోనే ఉంటుంది. రీడ్స్ తెల్లగా బోలుగా కనిపిస్తే మ్యాపింగ్ నాణ్యత సున్నా అన్నమాట, ఆ ముక్క జీనోమ్‌లో చాలాచోట్ల ఉంది. ఈ.కోలైలో రైబోజోమల్ ఆర్ఎన్ఏ ఆపరాన్లు ఏడున్నాయి, ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకే డీఎన్ఏ ముక్కలు పదుల్లో ఉన్నాయి. అక్కడి వేరియంట్లను పొట్టి రీడ్స్‌తో నమ్మొద్దు.

ఫలితం సరైందో కాదో చెప్పే పరీక్ష ఈ డేటాలోనే ఉంది. మొదటి రెండు నమూనాల్లో తేడాలు పదుల్లో ఉండాలి, 50,000 తరాల దానిలో వందల్లోకి ఎగబాకాలి. మధ్యలో ఆ సమూహంలో డీఎన్ఏ తప్పులు దిద్దే మ్యూట్ఎస్ జన్యువు చెడిపోయింది. ఆ మరమ్మతు పోతే ఏ-జీ, సీ-టీ మధ్య మార్పులు, అంటే ట్రాన్సిషన్లు ఎక్కువవుతాయి. గుడ్డిగా పడితే ట్రాన్సిషన్లు ఒక వంతు, ట్రాన్స్‌వర్షన్లు (మిగతా అక్షర మార్పులు) రెండు వంతులు, నిష్పత్తి 0.5. మీ 50,000 తరాల వీసీఎఫ్‌లో అది 0.5 దగ్గరే తచ్చాడుతుంటే మీరు మ్యుటేషన్లను కాదు, సీక్వెన్సర్ తప్పులను లెక్కపెడుతున్నారు. మనిషి పూర్తి జీనోమ్‌లో ఈ నిష్పత్తి 2 చుట్టూ ఉంటుంది. ఈ సంఖ్యను జ్ఞాపకం పెట్టుకోండి, ఏళ్ల తరబడి అక్కరకొస్తుంది.

మెట్టు 5: రెండో డేటాసెట్, 26 సమూహాలు, అందులో మనం (తొమ్మిదో వారం నుంచి పన్నెండో వారం వరకు)

1000 జీనోమ్స్ ప్రాజెక్ట్ మూడో దశలో 26 సమూహాలకు చెందిన 2,504 మంది ఉన్నారు. వాటిలో ఐటీయూ అనే గుర్తు కనిపిస్తుంది. బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్లు 102 మంది. వాళ్లతోపాటు బ్రిటన్‌లోని శ్రీలంక తమిళులు 102, హ్యూస్టన్ గుజరాతీలు 103, లాహోర్ పంజాబీలు 96, బంగ్లాదేశ్ బెంగాలీలు 86 కలిపి దక్షిణాసియా మొత్తం 489. 22వ క్రోమోజోమ్ ఒక్కటే దించుకోండి. అందులోనే సుమారు 11 లక్షల వేరియంట్లుంటాయి, నేర్చుకోవడానికి ధారాళం.

జన్యు వేరియంట్ల డేటాకు వాడే ప్లింక్ 2తో పని ఇలా సాగుతుంది. రెండే అల్లీల్స్ (అక్షర రూపాలు) ఉన్న ఎస్ఎన్‌పీలు (ఒక్క అక్షరపు తేడాలు) ఉంచండి. మైనర్ అల్లీల్ 5 శాతం కంటే తక్కువున్నవి తీసేయండి, లక్ష చుట్టుపక్కల మిగలాలి. తర్వాత పక్కపక్కనే కలిసి వారసత్వంగా వచ్చేవాటిని పలచబరచాలి: విండో 50, అడుగు 5, ఆర్ స్క్వేర్ (రెండు ఎస్ఎన్‌పీలు ఎంత కలిసి నడుస్తాయో చెప్పే సంఖ్య) 0.2. ఇది చేయకపోతే, వందల ఎస్ఎన్‌పీలు ఒకే మాట చెబుతుంటే పీసీఏ (మనుషుల మధ్య పెద్ద తేడాలను కొన్ని అక్షాలుగా చూపే పద్ధతి) ఆ ఒక్క ముక్కనే పెద్ద అక్షంగా చూపిస్తుంది. అన్ని క్రోమోజోములూ వాడేటప్పుడు ఆరో క్రోమోజోమ్‌లో 25 నుంచి 35 మెగాబేస్‌ల వరకు ఉన్న హెచ్ఎల్ఏ (రోగనిరోధక జన్యువుల) ప్రాంతాన్ని పూర్తిగా పక్కనపెట్టండి.

పీసీఏను రెండుసార్లు చేయండి, 2,504 మందితో ఒకసారి, 489 మందితో ఇంకోసారి. మొదటిదాంట్లో దక్షిణాసియా వాళ్లు యూరప్‌కూ తూర్పు ఆసియాకూ మధ్యలో పడతారు. అది చూసి మనం ఆ రెంటి కలగలుపు అని రాసేయకండి. పీసీఏ అక్షాలు మీరు ఎవరెవరిని, ఎంతమందిని చేర్చారన్నదాన్ని బట్టి మారతాయి. రెండో బొమ్మ పక్కన పెట్టుకుంటే అదే మనుషులు ఎలా చోటు మారారో కనిపిస్తుంది. ఇంకో మాట కూడా. బ్రిటన్‌లో సేకరించిన 102 నమూనాలు శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ఉన్న తెలుగువాళ్లందరికీ ప్రతినిధులు కావు. ఆ పరిమితిని థీసిస్‌లో ఒక వాక్యంగానైనా రాయడం మీ బాధ్యత.

ఇక్కడి ఉచ్చులు మూడు. మూడో దశ డేటా జీఆర్‌సీహెచ్37 (మనిషి రిఫరెన్స్ జీనోమ్ పాత వెర్షన్) మీద ఉంది. తర్వాత వచ్చిన 30 రెట్ల డెప్త్ డేటా జీఆర్‌సీహెచ్38 మీద ఉంది, రెండింటి స్థానాలూ కలవవు. ఆ కొత్త డేటాలో 3,202 మంది ఉన్నారు, అదనపు 698 మంది ముందున్నవాళ్ల బంధువులే. వాళ్లను తీయకుండా పీసీఏ చేస్తే ఒక కుటుంబమే ఒక అక్షమై కూర్చుంటుంది. హార్డీ-వైన్‌బర్గ్ పరీక్షను (హెటరోజైగోట్ల సంఖ్య అల్లీల్ వాటాలకు తగ్గట్టుందా అని చూసేది) అందరినీ కలిపి చేయకండి. సమూహాలు వేరైతే అల్లీల్ వాటాలు వేరుగా ఉండి హెటరోజైగోట్లు సహజంగానే తగ్గుతారు, మంచి ఎస్ఎన్‌పీలను చెడ్డవని పారేస్తారు. సమూహం సమూహంగా చేయాలి.

శాంపిల్ సైజు అంటే ఏమిటో తెలుసుకోవడానికి ఎమ్‌వైబీపీసీ3 జన్యువును మించింది లేదు. గుండె కండరానికి సంబంధించిన ఈ జన్యువులో 25 బేస్‌ల డిలీషన్ (తొలగిపోయిన ముక్క) ఒకటి దక్షిణాసియా వాళ్లలో దాదాపు 4 శాతం మందికి ఉంది. గుండె కండర వ్యాధి ముప్పుతో దానికున్న సంబంధాన్ని హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన కుమారసామి తంగరాజ్ పాలుపంచుకున్న బృందం 2009లో ప్రచురించింది. ఇప్పుడు లెక్క. 102 మందిలో నలుగురికి ఉండాలి. ఒక్కరికీ లేకుండా పోయే అవకాశం 0.96ను 102 సార్లు గుణిస్తే వస్తుంది, దాదాపు 1.5 శాతం. అదే 20 మందినే చూస్తే 44 శాతం. అంటే 20 నమూనాలు చూసి మా సమూహంలో ఇది లేదని రాసేవాళ్లు దాదాపు సగం సార్లు తప్పు రాస్తారు.

ఈ జన్యువు 11వ క్రోమోజోమ్ రివర్స్ స్ట్రాండ్ మీద ఉంది. పేపర్లో జన్యువు దిశలో రాసిన అక్షరాలకూ మీ వీసీఎఫ్‌లో అక్షరాలకూ పొంతన లేకపోతే, ముందు కాంప్లిమెంట్ (ఏ-టీ, సీ-జీ జతల్లో ఎదుటి అక్షరాలు) తిప్పి చూడండి. పొడవైన డిలీషన్‌ను ఒక్కో టూల్ ఒక్కో బేస్ దగ్గర మొదలైనట్లు రాస్తుంది కాబట్టి, రెండు ఫైళ్లను పోల్చేముందు బీసీఎఫ్‌టూల్స్ నార్మ్‌తో ఎడమకు జరపడం తప్పనిసరి.

మెట్టు 6: మూడో డేటాసెట్, ఆర్ఎన్ఏ-సీక్ (పదమూడో, పద్నాలుగో వారాలు)

ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో ఆర్ఎన్ఏ చదివి కొలిచే పద్ధతి ఇది. బయోకండక్టర్‌లో (ఆర్ భాషలో బయాలజీ ప్యాకేజీలు దొరికే చోటు) ఎయిర్‌వే అనే ప్యాకేజీ ఉంది. మనిషి శ్వాసనాళపు కండర కణాలు నాలుగు లైన్లు (ఒక్కోటి ఒక్కో మనిషిది), ఒక్కోదానికి డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మందు ఇచ్చింది ఒకటి, ఇవ్వనిది ఒకటి, మొత్తం ఎనిమిది నమూనాలు. కౌంట్స్ (ఒక్కో జన్యువు మీద ఎన్ని రీడ్స్ పడ్డాయో) సిద్ధంగానే ఉంటాయి. మీరే అలైన్ చేద్దామనుకుంటే స్టార్ అనే అలైనర్‌కు మనిషి జీనోమ్ కోసం 30 జీబీ వరకు ర్యామ్ కావాలి. ల్యాప్‌టాప్‌లో అయితే సాల్మన్ వాడండి.

ఏ జన్యువులు మారాయో పరీక్షించే డీఈసీక్2కు ముడి కౌంట్సే ఇవ్వాలి. టీపీఎమ్ (జన్యువు పొడవుకూ మొత్తం రీడ్స్‌కూ సరిచేసిన సంఖ్య) ఇస్తే, పది రీడ్స్ మీద నిలబడిన సంఖ్యకూ పదివేల రీడ్స్ మీద నిలబడిన సంఖ్యకూ ఉన్న నమ్మకంలో తేడా ఆ మోడల్‌కు తెలియకుండా పోతుంది. డిజైన్‌లో ముందు సెల్ లైన్, తర్వాత మందు పెట్టండి. సెల్ లైన్ తీసేసి ఇంకోసారి నడిపి, ఎన్ని జన్యువులు తగ్గాయో చూడండి. మనిషికీ మనిషికీ ఉన్న తేడా మందు తేడాను ఎంత కప్పేస్తుందో ఆ రెండు సంఖ్యలే చెబుతాయి.

ఈ డేటాలో ఒక ప్రసిద్ధమైన గొయ్యి ఉంది. మందు ఇచ్చినదాని పేరు టీఆర్‌టీ, ఇవ్వనిదాని పేరు యూఎన్‌టీఆర్‌టీ. ఆర్ భాష అకారాది క్రమంలో మొదటిదాన్ని ఆధారంగా తీసుకుంటుంది, అంటే మందు ఇచ్చినదే ఆధారమవుతుంది, ప్లస్, మైనస్ గుర్తులన్నీ తలకిందులవుతాయి. రీలెవెల్‌తో ఇవ్వనిదాన్ని ఆధారంగా మార్చండి. సరిపోయిందా లేదా అన్నది ఎఫ్‌కేబీపీ5 చెబుతుంది. స్టెరాయిడ్ తగిలితే పెరిగే జన్యువు అది. అది తగ్గినట్లు వస్తే ఆధారం తిరగబడిందన్నమాట.

20,000 జన్యువులను 0.05 దగ్గర పరీక్షిస్తే, మందు ఏమీ చేయకపోయినా 1,000 జన్యువులు మారినట్లు వస్తాయి. అందుకే ఇన్ని పరీక్షలు చేశామని లెక్కలోకి తీసుకుని సవరించిన పీ విలువ చూడాలి. ముడి పీ విలువల హిస్టోగ్రామ్ కూడా గీయండి: సున్నా దగ్గర ఒక స్తంభం, మిగతాది చదునుగా ఉండాలి. మధ్యలో మూపురంలా లేచినా, ఒకటి వైపు పెరిగినా మోడల్‌లో ఏదో వదిలేశారు, చాలాసార్లు అది బ్యాచ్ (ఏ నమూనాలను కలిపి ఒకేసారి చేశారన్నది). చివరగా నాలుగు లైన్లలో రెండింటికి మందు లేబుళ్లు తారుమారు చేసి మళ్లీ నడపండి. సవరించాక మిగిలే జన్యువులు దాదాపు ఏమీ ఉండకూడదు.

ఫలితాల పట్టికను ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేయకండి. మార్చ్1, సెప్ట్2 లాంటి పాత జన్యువుల పేర్లను అది తేదీలుగా మార్చేస్తుంది. ఈ గొడవ పడలేకే జన్యువులకు పేర్లు పెట్టే కమిటీ ఆ పేర్లను మార్చ్ఎఫ్1, సెప్టిన్2గా మార్చింది. పాత ఫైళ్లలో పాత పేర్లు ఇంకా ఉన్నాయి.

మెట్టు 7: అంతా మళ్లీ, ఇంకొకరి చేత (పదిహేనో, పదహారో వారాలు)

మొదటి డేటాసెట్ పనిని స్నేక్‌మేక్ లేదా నెక్స్ట్‌ఫ్లోలో రాయండి. ఏ ఫైల్ దేనినుంచి పుట్టిందో అందులో రాసి ఉంటుంది కాబట్టి, ఒక ఫిల్టర్ మార్చితే దాని కిందివే మళ్లీ నడుస్తాయి. ఎన్విరాన్‌మెంట్ ఫైల్లో ప్రతి టూల్ వెర్షన్ సంఖ్యతో సహా ఉండాలి. ప్రతి మెట్టు చివర సంఖ్యను ఒకే పట్టికలోకి రాయించండి: ముడి రీడ్స్, ట్రిమ్ అయ్యాక, అతికినవి, డూప్లికేట్లు, సగటు డెప్త్, ఫిల్టర్‌కు ముందు వేరియంట్లు, తర్వాత వేరియంట్లు, ట్రాన్సిషన్-ట్రాన్స్‌వర్షన్ నిష్పత్తి.

ఈ మూడు డేటాసెట్లూ అందరికీ తెరిచి ఉన్నవి. రేపు ఆసుపత్రి నుంచి రోగుల డేటా మీ చేతికొస్తే పద్ధతి పూర్తిగా వేరు. ఎథిక్స్ కమిటీ ఒప్పుకున్న మెషీన్ మీదే ఉంచాలి. ఏదో ఉచిత వెబ్ సర్వర్‌లో చిటికెలో అనోటేషన్ (ఏ వేరియంట్ ఏం చేస్తుందో చెప్పే వివరణ) వస్తుందని వీసీఎఫ్ ఎక్కించకూడదు. పేరు తీసేసినంత మాత్రాన జీనోమ్ అనామకం కాదు, అందులో ఆ మనిషితోపాటు వాళ్ల అన్నదమ్ములు, పిల్లలు కూడా ఉన్నారు.

పదహారో వారంలో స్క్రిప్టులు, ఎన్విరాన్‌మెంట్ ఫైల్, ఎండీ5 జాబితా, ఈ మూడే తోటి విద్యార్థికి ఇవ్వండి. పక్కన కూర్చుని సాయం చేయకండి. వాళ్ల మెషీన్‌లో వచ్చిన పట్టికను మీదానితో వరుసగా పోల్చండి. ముడి రీడ్స్ దగ్గరే తేడా ఉంటే డౌన్‌లోడ్ తెగింది. ట్రిమ్ దగ్గర మొదలైతే వెర్షన్ గానీ అడాప్టర్ ఫైల్ గానీ వేరు. అతికిన రీడ్స్ ఒకటీ అరా అటూఇటూ అయితే, రెండుచోట్ల సమానంగా సరిపోయే రీడ్‌ను అలైనర్ ఏదో ఒకచోట పెట్టిందేమో చూడండి, మ్యాపింగ్ నాణ్యత సున్నా ఉన్నవి తీసేసి మళ్లీ లెక్కపెడితే కలవాలి. అక్కడిదాకా అన్నీ కలిసి వేరియంట్లలో మాత్రం తేడా వస్తే, ప్లాయిడీనో ఫిల్టర్‌నో మీరు స్క్రిప్ట్‌లో రాయకుండా టెర్మినల్‌లో చేత్తో కొట్టి మరిచిపోయి ఉంటారు. హిస్టరీ తెరిచి ఆ లైన్ వెతికి, స్క్రిప్ట్‌లో చేర్చి, వాళ్ల చేత మళ్లీ నడిపించండి.